బడిలో హింస, పిల్లల మనసు: స్కూల్ సైకాలజిస్ట్ పని ఏమిటి? కణేకల్ లాంటి ఊళ్లో ఎవరిని అడగాలి?

“హడ్డీ హమారీ, చమ్డీ ఆప్కీ.” పిల్లాణ్ని బడిలోనో మదర్సాలోనో చేర్పించేటప్పుడు పెద్దలు ఉస్తాద్‌తో అనే మాట ఇది. ఎముకలు మావి, చర్మం మీది, చదువు వస్తే చాలు, కొట్టినా అడగం అని దాని అర్థం. తెలుగులో ‘దండం దశగుణం’ అనే మాట కూడా ఇలాంటిదే. ఈ మాటలు వింటూ పెరిగిన ఇళ్లల్లో, సార్ కొట్టాడని పిల్లాడు వచ్చి చెబితే మొదట వచ్చే ప్రశ్న “నువ్వేం చేశావ్?” అనేదే. ఆ ఒక్క ప్రశ్నతో చాలామంది పిల్లలు రెండోసారి చెప్పడం మానేస్తారు. చెప్పడం మానేసిన పిల్లల మనసులో ఏముందో కనిపెట్టడమే స్కూల్ సైకాలజిస్ట్ పని. అనంతపురం జిల్లా కణేకల్ లాంటి మండల కేంద్రాల్లో ప్రతి బడికీ అలాంటి మనిషి ఉండటం అరుదు. అయినా చట్టం ఏం చెబుతోంది, ఏ ఫోన్ నంబర్ ఎందుకు, ఏ ఆసుపత్రికి వెళ్లొచ్చు అనేవి తెలిసి ఉంటే కుటుంబం చేయగలిగింది చాలా ఉంది.

బడిలో హింస అంటే ఏమేమి?

హింస అనగానే బెత్తం గుర్తుకొస్తుంది. కానీ అది ఒక్కటే కాదు. బడిలో జరిగే హింసను నాలుగు రకాలుగా చూడొచ్చు.

ఒకటి, పెద్దలు పిల్లలపై చేసేది. కొట్టడం, చెవి మెలిపెట్టడం, గోడ కుర్చీ వేయించడం, ఎండలో నిలబెట్టడం, అందరి ముందు ‘మొద్దు’ అని పిలవడం. రెండు, పిల్లలు పిల్లలపై చేసేది. దీన్నే బుల్లీయింగ్ అంటారు. ఇది ఒకసారి జరిగి ముగిసే కొట్లాట కాదు. బలమున్నవాడు లేదా గుంపుగా ఉన్నవాళ్లు ఒక్కరినే పట్టుకుని పదే పదే ఏడిపించడం. పేరు పెట్టి పిలవడం, టిఫిన్ లాక్కోవడం, ఆటలోకి రానివ్వకపోవడం, మతం గురించో కులం గురించో రంగు గురించో మాటలనడం అన్నీ ఇందులోకే వస్తాయి. మూడు, లైంగిక వేధింపు. నాలుగు, ఫోన్‌లో జరిగేది. క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒకరి ఫొటో పెట్టి నవ్వడం, వీడియో తీసి పంపుతూ పోవడం. బడి గంట కొట్టినా ఈ నాలుగోది ఆగదు, రాత్రి పడకదాకా వస్తుంది.

ప్రపంచమంతటా బడి పిల్లల్లో దాదాపు ముగ్గురిలో ఒకరు అంతకు ముందు నెలలో బుల్లీయింగ్ ఎదుర్కొన్నారని యునెస్కో 2019లో ప్రకటించింది. మన దేశంలో మహిళా శిశు సంక్షేమ శాఖ 2007లో 13 రాష్ట్రాల్లో చేసిన అధ్యయనంలో, బడికి వెళ్లే పిల్లల్లో ముగ్గురిలో ఇద్దరు అక్కడ దెబ్బలు తిన్నట్టు చెప్పారు. ఆ 13 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి.

ఇంకా దగ్గరి లెక్క ఒకటుంది. ‘యంగ్ లైవ్స్’ అనే అంతర్జాతీయ అధ్యయనం 2002 నుంచి అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,000 మంది పిల్లల జీవితాలను ఏళ్ల తరబడి గమనించింది. దానికి ఎంచుకున్న జిల్లాల్లో అనంతపురం కూడా ఉంది. ఆ పిల్లల్లో 8 ఏళ్ల వయసువాళ్లను అడిగితే, 78 శాతం మంది అంతకు ముందు వారంలోనే బడిలో దెబ్బ తిన్నామన్నారు. 15 ఏళ్లవాళ్లలో అది 34 శాతం. అంటే ఎక్కువ దెబ్బలు పడేది ఎదురు చెప్పలేని చిన్న పిల్లలకే. బడి ఎందుకు నచ్చదని అడిగినప్పుడు వాళ్లు అన్నిటికన్నా ఎక్కువగా చెప్పిన కారణం కూడా ఈ దెబ్బలూ తిట్లే.

స్కూల్ సైకాలజిస్ట్ ఎవరు?

ఈ వృత్తి కొత్తదేమీ కాదు. 1896లో అమెరికాలోని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో లైట్నర్ విట్మర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పిల్లల కోసం ఒక క్లినిక్ తెరిచారు. అక్కడికి మొదట వచ్చినవాళ్లలో ఒకరు స్పెల్లింగ్ పట్టుబడని బడి పిల్లాడు. అల్లరిగా, సోమరితనంగా కనిపించేదాని వెనుక వేరే కారణం ఉండొచ్చని వెతకడం అలా మొదలైంది. 1913లో లండన్ నగర పాలక సంస్థ తన బడుల కోసం సిరిల్ బర్ట్‌ను సైకాలజిస్ట్‌గా నియమించింది.

మన దగ్గర మూడు పేర్లు కలగలిసిపోతుంటాయి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ చదివి మానసిక వైద్యంలో పీజీ చేసిన డాక్టర్. ఈయన మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మందులు రాయరు. పరీక్షలు పెట్టి, మాట్లాడి, అలవాట్లు మార్చే పద్ధతులు నేర్పుతారు. వీళ్లకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో రిజిస్ట్రేషన్ ఉండాలి. కౌన్సెలర్ అంటే సైకాలజీ లేదా కౌన్సెలింగ్ చదివి, పిల్లలతో కుటుంబంతో మాట్లాడి దారి చూపేవారు. ఎవరి దగ్గరికి వెళ్లినా చదువేమిటి, రిజిస్ట్రేషన్ ఉందా అని అడగడం తప్పు కాదు. ‘పిచ్చి డాక్టర్’ అనే పేరు వీళ్లలో ఎవరికీ తగదు. బడి పిల్లల్లో ఎక్కువమందికి కావాల్సింది మందు కాదు, వినే మనిషి.

ఆ గదిలో ఏం జరుగుతుంది?

ఉదాహరణకు ఏడో తరగతి పిల్లాడు ఒకడు రోజూ ఎవరినో ఒకరిని కొడుతున్నాడని అనుకుందాం. బడి వాణ్ని శిక్షిస్తుంది. ఇంట్లో అబ్బా మళ్లీ కొడతాడు. సైకాలజిస్ట్ మాత్రం మూడు విషయాలు అడుగుతారు. కొట్టడానికి ముందు ఏం జరిగింది? కొట్టిన తీరు ఏమిటి? కొట్టిన తర్వాత వాడికి ఏం దక్కింది? వారం రోజులు ఇలా రాసిపెడితే ఒక వరుస కనబడుతుంది. తెలుగు పాఠం బిగ్గరగా చదవమన్న రోజే గొడవ జరుగుతోంది. గొడవ అయితే క్లాసు బయటికి పంపుతారు. బయటికి పోతే చదవాల్సిన పని తప్పుతుంది. అంటే వాడు కొడుతున్నది కోపంతో కాదు, సిగ్గుతో.

ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడి, ఐదో తరగతిదాకా ఉర్దూ మీడియంలో చదివి, హైస్కూల్లో ఒక్కసారిగా తెలుగు లేదా ఇంగ్లీష్ మీడియంలో పడిన పిల్లలకు ఇలాంటిది జరగొచ్చు. కణేకల్ కర్ణాటక సరిహద్దు మండలం కాబట్టి బళ్లారి వైపు బడుల్లోకి మారితే కన్నడం కూడా తోడవుతుంది. కొందరికి అక్షరాలను శబ్దాలతో కలిపి చదవడం కష్టమయ్యే డిస్లెక్సియా ఉండొచ్చు. కొందరికి చెవి సరిగా వినబడకపోవచ్చు. వీటిలో ఏదీ బెత్తంతో పోదు.

కరువు కూడా ఈ లెక్కలో ఉంది. అనంతపురం దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటి. కణేకల్‌కు తుంగభద్ర ఎగువ కాలువ నీళ్లున్నా, కాలువ అందని పొలాలవాళ్లకు, కూలి పని దొరకనివాళ్లకు వలస తప్పదు. అమ్మీ, అబ్బా బెంగళూరు పనులకు పోతే పిల్లలు నానీ దగ్గరో దాదీ దగ్గరో ఉండిపోతారు. లేదా ఏడాది మధ్యలో బడి మారతారు. తోడు లేని పిల్లాణ్ని, క్లాసుకు కొత్తగా వచ్చిన పిల్లాణ్ని బుల్లీయింగ్ చేసేవాళ్లు తొందరగా పసిగడతారు.

సైకాలజిస్ట్ దెబ్బ తిన్న పిల్లతోనే కాదు, కొట్టిన పిల్లాడితో, చూస్తూ ఊరుకున్న పిల్లలతో కూడా పని చేస్తారు. నార్వేలో 1982లో బుల్లీయింగ్ వల్ల ముగ్గురు అబ్బాయిలు ప్రాణాలు పోగొట్టుకున్నాక, ఆ మరుసటి ఏడాది డాన్ ఓల్వేయస్ అనే సైకాలజిస్ట్ బడి మొత్తాన్ని కలుపుకునే కార్యక్రమం మొదలుపెట్టారు. ఒక్క పిల్లాణ్ని దండించడం కాక, ఆటస్థలంలో ఎవరు కాపలా ఉండాలి, ఎవరైనా ఏడిపిస్తుంటే చూసినవాళ్లు ఏం చేయాలి అనేవి బడి నియమాలుగా పెట్టడమే అందులో అసలు విషయం. అమెరికాలో బడుల్లో జరిగిన 37 దాడులను అక్కడి ప్రభుత్వం పరిశీలించి 2002లో ఇచ్చిన నివేదికలో, ఎక్కువ ఘటనల్లో దాడి ముందే కనీసం మరొకరికి తెలుసని తేలింది. అలా తెలిసినవాళ్లు ఎక్కువగా తోటి పిల్లలే. మన బడులకూ ఇందులో పాఠం ఉంది. ఏదో జరగబోతోందని పిల్లలకు ముందే తెలుస్తుంది, కానీ చెప్పడానికి నమ్మకమైన పెద్దమనిషి ఒకరు ఉండాలి.

చట్టం ఏమంటోంది?

బడిలో కొట్టడం ఆంధ్రప్రదేశ్‌లో 2002 నుంచే నిషేధం. విద్యా నియమాల్లో 122వ నియమాన్ని సవరిస్తూ ఆ ఏడాది ఫిబ్రవరిలో జీవో వచ్చింది. తర్వాత 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టంలోని 17వ సెక్షన్ దేశమంతటా శారీరక శిక్షను, మానసిక వేధింపును నిషేధించింది. తప్పు చేసిన టీచర్‌పై సర్వీసు నిబంధనల ప్రకారం చర్య తీసుకోవాలి.

ముస్లిం కుటుంబాలు తెలుసుకోవాల్సిన మెలిక ఒకటి ఇక్కడుంది. 2012 సవరణ ప్రకారం మదర్సాలకు, వేద పాఠశాలలకు, ప్రధానంగా మత విద్య నేర్పే సంస్థలకు విద్యాహక్కు చట్టం వర్తించదు. మైనారిటీ విద్యాసంస్థలకు కూడా అది వర్తించదని 2014లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. ఆ తీర్పును మళ్లీ పరిశీలించాలని 2025 సెప్టెంబరులో అదే కోర్టులోని ఇద్దరు జడ్జీల బెంచ్ అభిప్రాయపడింది. అయితే దీన్నిబట్టి మదర్సాలో కొట్టొచ్చని కాదు. 2015 జువైనల్ జస్టిస్ చట్టంలోని 75వ సెక్షన్ పిల్లలు ఎవరి సంరక్షణలో ఉన్నా వర్తిస్తుంది. పిల్లలపై క్రూరత్వానికి 3 ఏళ్లదాకా జైలు లేదా లక్ష రూపాయల జరిమానా, లేదా రెండూ పడొచ్చు. పిల్లల సంరక్షణ బాధ్యత ఉన్న సంస్థలో పనిచేసేవాళ్లే ఆ పని చేస్తే శిక్ష 5 ఏళ్లదాకా, జరిమానా 5 లక్షలదాకా పెరుగుతుంది.

లైంగిక వేధింపు అయితే 2012 పోక్సో చట్టం. విషయం తెలిసిన ఎవరైనా పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. సంస్థ పెద్ద దాస్తే ఏడాదిదాకా జైలు ఉంటుంది. ‘బడి పరువు పోతుంది, మనలో మనం మాట్లాడుకుందాం’ అని రాజీ చేసే అధికారం హెడ్మాస్టర్‌కూ లేదు, ఊరి పెద్దలకూ లేదు. పిల్ల పోలీస్ స్టేషన్‌కు పోనక్కర్లేదు. యూనిఫాం లేకుండా, వీలైనంతవరకు మహిళా ఎస్సై, ఇంటి దగ్గరే వాంగ్మూలం తీసుకోవాలి. పిల్ల పేరు, ఊరు, ఫొటో పత్రికల్లో రాకూడదు. అమ్మాయి పేరు బయటపడితే రేపు నిఖా సంగతి ఏమిటని భయపడే కుటుంబాలకు ఈ రక్షణ సంగతి తప్పక తెలియాలి.

సుప్రీంకోర్టు 2025లో చెప్పింది

విశాఖపట్నంలో నీట్ కోచింగ్ తీసుకుంటున్న 17 ఏళ్ల విద్యార్థిని 2023 జూలైలో మరణించింది. ఆ కేసును సీబీఐకి అప్పగిస్తూ 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ 15 మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టం వచ్చేదాకా వీటిని పాటించాలి. బడులు, కాలేజీలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు అన్నీ ఇందులోకి వస్తాయి.

కణేకల్ తల్లిదండ్రులకు పనికొచ్చేవి ముఖ్యంగా ఐదు. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్, సైకాలజిస్ట్ లేదా సోషల్ వర్కర్ కనీసం ఒకరుండాలి. అంతకన్నా తక్కువ ఉంటే, బయటి నిపుణుల దగ్గరికి పంపే ఏర్పాటు ఉండాలి. సిబ్బంది అందరికీ ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. వేధింపు, ర్యాగింగ్, బుల్లీయింగ్ మీద గుట్టుగా ఫిర్యాదు చేసే దారి ఉండాలి. కులం, వర్గం, లింగం, వైకల్యంతో పాటు మతం ఆధారంగా చేసే ఏడిపింపును కూడా కోర్టు ఇక్కడ పేరు పెట్టి చెప్పింది. హెల్ప్‌లైన్ నంబర్లు తరగతి గదుల్లో, హాస్టళ్లలో కనిపించేలా రాయాలి.

కణేకల్‌లో ఉన్న ఒక హైస్కూల్లో 100 మందికి పైగా పిల్లలుంటే, “మన బడికి కౌన్సెలర్ ఎవరు?” అని ఏ తల్లి అయినా అడగొచ్చు. అది దయ కోరడం కాదు. ప్రభుత్వ బడి అయితే విద్యాహక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతుల మంది తల్లిదండ్రులే, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. రాష్ట్రంలో 2024 డిసెంబర్ 7న, 2025 జూలై 10న మెగా పేరెంట్ టీచర్ సమావేశాలు జరిగాయి. అలాంటి సమావేశంలో మార్కుల గురించి అడిగినట్టే ఈ ప్రశ్న కూడా అడగాలి. మినిట్స్ బుక్కులో రాయించాలి.

2020 ఫిబ్రవరిలో మొదలైన ఆయుష్మాన్ భారత్ స్కూల్ హెల్త్ కార్యక్రమం ప్రకారం ప్రభుత్వ బడిలో ఒక సార్, ఒక మేడమ్ ‘హెల్త్ అండ్ వెల్‌నెస్ అంబాసిడర్లు’గా శిక్షణ తీసుకుంటారు. మానసిక ఆరోగ్యం, హింస నివారణ వాళ్లు చెప్పాల్సిన పాఠాల్లో ఉన్నాయి. సైకాలజిస్ట్ లేని బడిలో మొదట కలవాల్సింది వాళ్లనే.

పిల్లల్లో కనిపించే గుర్తులు

పిల్లలు ‘నన్ను కొడుతున్నారు’ అని సూటిగా చెప్పరు. ఒంటితో చెబుతారు. ఆదివారం బాగుండి సోమవారం పొద్దున్నే కడుపునొప్పి రావడం, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవడం, పుస్తకాలు చిరిగి రావడం, ఇచ్చిన డబ్బులు మాయమవడం, బడికి వేరే దారిన పోవడం, ఫోన్ మోగితే ఉలిక్కిపడటం, ఇంట్లో తమ్ముణ్ని చెల్లిని కారణం లేకుండా కొట్టడం, తిండి నిద్ర తగ్గడం. వీటిలో రెండు మూడు కలిసి రెండు వారాలు సాగితే అడగాల్సిందే. ‘నేను లేకపోతేనే నయం’ లాంటి మాట వస్తే మాత్రం రెండు వారాలు ఆగకూడదు. ఆ రోజే సాయం అడగాలి, పిల్లను ఒంటరిగా వదలకూడదు.

అడిగే తీరు కూడా ముఖ్యం. “ఎవరు కొట్టారు, చెప్పు!” అని నిలదీస్తే నోరు మూతపడుతుంది. రొట్టెలు చేస్తూనో, బండి మీద పోతూనో “ఈ మధ్య బడిలో ఎవరితో కూర్చుంటున్నావ్?” అని మొదలుపెడితే మాట వస్తుంది. చెప్పాక “మంచి పని చేశావ్ బేటా, ఇది నీ తప్పు కాదు” అనే మాట ముందు రావాలి. దువా చేయడం, తావీజ్ కట్టించడం ఎవరి విశ్వాసం వారిది. అయితే వాటి పేరుతో నిపుణుల దగ్గరికి పోవడం వాయిదా వేయకూడదు. కొట్టేది మన పిల్లాడే అయితే దాచడం, వెనకేసుకురావడం వాడికి మేలు కాదు. వాడికీ అదే సాయం కావాలి.

ఎక్కడికి వెళ్లాలి, ఎవరికి చెప్పాలి?

మొదట తేదీ, సమయం, జరిగింది, చూసినవాళ్లు ఎవరు అనేవి కాగితంపై రాసుకోవాలి. దెబ్బ కనిపిస్తే ఫొటో తీసి ప్రభుత్వ ఆసుపత్రిలో చూపించి చీటీ తీసుకోవాలి. తర్వాత హెడ్మాస్టర్‌కు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, నకలు మీద సంతకం వేయించుకోవాలి. కదలిక లేకపోతే ఎంఈఓ, ఆపైన డీఈఓ. విద్యాహక్కు చట్టం కింద ఇచ్చిన ఫిర్యాదును 3 నెలల్లో తేల్చాలి. అక్కడా న్యాయం జరగకపోతే రాష్ట్ర బాలల హక్కుల కమిషన్ ఉంది. ప్రతి పోలీస్ స్టేషన్‌లో పిల్లల కేసులు చూసేందుకు ఒక అధికారి ఉండాలని జువైనల్ జస్టిస్ చట్టం చెబుతోంది.

1098 పిల్లల హెల్ప్‌లైన్. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు, పిల్లలే చేయొచ్చు. 14416 టెలీ మానస్. 2022 అక్టోబరులో మొదలైంది. ఇదీ ఉచితమే, తెలుగులో మాట్లాడొచ్చు. విద్యార్థుల కోసం కేంద్ర విద్యాశాఖ నడిపే మనోదర్పణ్ నంబర్ 8448440632. ఊళ్లో సైకాలజిస్ట్ లేరన్న లోటును కొంతైనా తీర్చేవి ఇవే. ఈ మూడు నంబర్లు ఇంటి గోడ మీద క్యాలెండర్ పక్కన రాసిపెడితే చాలు.

నేరుగా చూపించాలంటే అనంతపురం ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. కణేకల్‌కు అంతకన్నా దగ్గర బళ్లారి. మానసిక వైద్యం చరిత్రలో బళ్లారికి ఒక గౌరవం ఉంది. 1980ల మధ్యలో బెంగళూరు నిమ్హాన్స్ అక్కడి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల డాక్టర్లకు, సిబ్బందికి మానసిక సమస్యలు గుర్తించడం నేర్పింది. పెద్దాసుపత్రికి పోలేని పల్లె జనానికి ఊరి దగ్గరే వైద్యం అందించిన ఆ ప్రయత్నాన్ని ‘బళ్లారి నమూనా’ అన్నారు. 1996లో దేశంలో మొదలైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి అదే పునాది. పిల్లల కోసం ప్రత్యేక విభాగం నిమ్హాన్స్‌లో ఉంది.

చూపించిన సంగతి నలుగురికీ తెలుస్తుందేమోనన్న భయం సహజం. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచడం వైద్యుల బాధ్యత. ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, కోర్టు అడిగినప్పుడు లాంటి కొన్ని సందర్భాల్లో తప్ప బయటికి చెప్పకూడదు.

పిల్లాడి ఎముకలూ చర్మమూ రెండూ వాడివే. ఉస్తాద్‌కు ఇవ్వాల్సింది గౌరవం, పిల్లాడికి ఇవ్వాల్సింది నమ్మకం. “ఏం జరిగింది బేటా?” అని ఇంట్లో అడిగేవాళ్లు ఒకరుంటే, సైకాలజిస్ట్ దొరికే దాకా పిల్లాడు ఒంటరివాడు కాడు. “మన బడికి కౌన్సెలర్ ఎవరు?” అని బడిలో అడిగే తల్లిదండ్రులు పదిమంది అయితే, ఆ మనిషి కణేకల్‌కు వచ్చే రోజు కూడా దగ్గరపడుతుంది.